అర హెచ్‌పీయా, ఒకటిన్నరా?

మా ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు ఫిల్టర్‌లోంచి తిప్పే మోటారు ఎన్ని హెచ్‌పీ (హార్స్‌పవర్) ఉండాలా అని కొనడానికి వెళ్తే, వైజాగ్ డాబాగార్డెన్స్ మోటార్ల షాపతను ఇంకా నా బుర్ర తింటున్నాడు. అడిగింది నేను, జవాబు మాత్రం మా ఈయనకి. "ఒకటిన్నర హెచ్‌పీ వేసేయండి సార్, రోజూ ఏడు గంటలు నడపండి, ఢోకా ఉండదు." యూనిట్లెన్ని కాలుతాయండీ అంటే, "పూల్ కట్టుకున్నోళ్లు బిల్లు చూసుకుంటారా మేడమ్!" అని నవ్వాడు. పక్కన ఈయనా నవ్వారు. అక్కడే ఒళ్లు మండింది. పూల్ ఎవరి సరదానో మీకు తెలుసు, బిల్లు ఎవరు కడతారో కూడా తెలుసు.

మాది పట్టేదే 21 వేల లీటర్లు. ఏడు గంటల్లో ఒకసారి ఫిల్టర్‌లోంచి తిరిగితే చాలు, అంటే గంటకి 3 వేలు. దానికి అర హెచ్‌పీ సరిపోతుంది. ఒకటిన్నరైతే గంటకి యూనిట్ పైనే, నెలకి 230 దాటేస్తుంది. శ్లాబూ మారిపోతుంది.

హెచ్‌పీలంటే హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. వీధిలో ఎవరి మోటారూ తిరగలేదు, మా పెరట్లో బావి గిలక తప్ప. తెల్లారకముందే గేటు దగ్గర బిందెల వరస. నాన్న చేద వదిలేవారు కాదు. ఎదురింటి మామ్మగారు ఒక బిందె అడిగితే రెండు నింపి, ఆయనే మోసుకెళ్లి ఇచ్చేవారు. తాడు ఒరిసి అరచేతులు కమిలిపోతే అమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టేది. ఆ బావి పూడ్చేసి కారు షెడ్డు వేశాం. ఇప్పుడు ఈత కోసం గొయ్యి తవ్వించాం.

బుజ్జిది మాత్రం నీళ్లులేని పూల్‌లో టైల్స్ మీద బోర్లా పడుకుని ఈత కొట్టేస్తోంది.

సరే, షాపతను చెప్పినదాంట్లో ఒకటి నిజం. సాండ్ ఫిల్టర్ బ్యాక్‌వాష్‌కి, అంటే ఫిల్టర్‌లో ఇసుకని కడగడానికి, నీళ్లు వెనక్కి జోరుగా తోయాలి, అర హెచ్‌పీ నీరసపడొచ్చు. అలాగని ఆ ఒక్క పనికోసం రోజూ పెద్దది నడపాలా? వేరియబుల్ స్పీడ్ అయితే, అంటే స్పీడు మార్చుకోగల మోటారైతే, స్పీడు సగం చేస్తే నీళ్లు సగం, కరెంటు మాత్రం ఇంచుమించు ఎనిమిదో వంతు. రెట్టింపు సేపు నడిపినా నాలుగో వంతుతో పోతుంది. బ్యాక్‌వాష్ రోజున పెంచుకోవచ్చు. పొద్దున అర హెచ్‌పీ అని పట్టుపట్టాను గానీ, ఇదే తీసుకుందాం. ధర చూస్తేనే గుండె గుభేలుమంటోంది.

ఇంకో బెంగ, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు. ఈ ఉప్పుగాలికి గేటు బోల్టులే ఆగడం లేదు. ఈయన గాలాడాలని మోటారు గదికి సరిగ్గా సముద్రం వైపే జాలీ పెట్టించారు. రేపు మేస్త్రీని పిలిచి అది మూయించి, పడమటి గోడకి పెట్టించాలి. ఈయనకింకా చెప్పలేదు.