ముఖం లేకపోయినా నడక పట్టిస్తుంది

పోయినేడు ఎండాకాలంలో పరకాల వైపు ఒక ఊళ్లో మోకాళ్ల నొప్పుల శిబిరం పెట్టాం. నా స్నేహితురాలికి హనుమకొండ నయీంనగర్‌లో ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ చెప్తాను. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చునే పరీక్ష ఒకటుంది. దాన్ని ఫోన్‌లో వీడియో తీస్తే, మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్ ఒంటి మీద 33 చోట్ల చుక్కలు గుర్తించి, మనిషిని పుల్లల బొమ్మలా చూపిస్తుంది. ముఖం ఉండదు, చీర రంగు ఉండదు, పేరు ఉండదు. ఇంకేం భయం అనుకున్నాను.

నెల తర్వాత అదే ఊళ్లో మోకాళ్ల జాగ్రత్తల గురించి చెప్తూ అందులో ఒక బొమ్మను తెర మీద వేశాను. బొమ్మ లేచేటప్పుడు కుడి చెయ్యి మోకాలి మీద ఆనించింది. ఎడమ అడుగు తొందరగా పడుతోంది, కుడి అడుగు ఆగి పడుతోంది. మలుపు దగ్గర మూడు చిన్న అడుగులు. అంతే, వెనక నుంచి ఒకామె "గిది మా వదినె నడక గాదా!" అంది. అందరూ నవ్వారు. ఆ వదిన మూడో వరుసలో కూర్చుని ఉంది, తల ఎత్తలేదు.

ఆమె నాట్ల కూలీకి పోతుంది. మోకాళ్లు పోయాయని తెలిస్తే ముఠాలోకి పిలవరని నొప్పి దాచుకుంటూ వస్తోంది. నాట్లు ఇంకో పది రోజుల్లో ఉన్నాయి. మొదటి వారం ఆమెను ఎవరూ పిలవలేదు. తప్పు నాది.

ఆ రాత్రి నుంచే చదవడం మొదలుపెట్టాను. స్వీడన్‌కు చెందిన గున్నార్ యోహాన్సన్ 1973లోనే కీళ్ల దగ్గర పదీపన్నెండు చిన్న దీపాలు పెట్టి చీకట్లో నడిపిస్తే, చూసినవాళ్లు అది నడుస్తున్న మనిషి అని వెంటనే పోల్చుకున్నారు. 1977లో కటింగ్, కొజ్లోవ్‌స్కీ అలాంటి దీపాలతోనే స్నేహితులను గుర్తుపట్టగలరని చూపించారు. 2023లో బర్క్‌లీ పరిశోధకులు కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే బీట్ సేబర్ అనే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ఆటలో 50,000 మందికి పైగా కదలికలు తీసుకున్నారు. తల, రెండు చేతులు, అంతే. 100 సెకన్ల కదలికతో ఆ మనిషెవరో 94 శాతం సార్లు కంప్యూటర్ సరిగ్గా చెప్పింది. మనకిది కొత్తా? భద్రకాళి చెరువు బండ్ మీద పొద్దున్నే ఎదురుగా వచ్చేది ఎవరో ముఖం కనబడక ముందే తెలుస్తుంది కదా.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. డాక్టరుకు కావలసింది ఆ కుంటి నడకే: ఏ మోకాలు ఎంత వంగుతోంది, ఏ అడుగు ఆలస్యమవుతోంది. మనిషిని పట్టించేది కూడా ఆ కుంటి నడకే. దాన్ని చెరిపేస్తే మనిషి దాగుతుంది, జబ్బూ దాగిపోతుంది. ఎంత చెరపాలి, ఎంత ఉంచాలి? వీడియో ఫోన్ దాటకుండా లెక్క మాత్రమే బయటికి పంపితే సరిపోతుందా? నా పీహెచ్‌డీ ప్రశ్న ఇదే.

2017లో సుప్రీంకోర్టు 9 మంది జడ్జీలతో గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. కానీ యూరప్ చట్టంలో ఆరోగ్య సమాచారానికి ఉన్న ప్రత్యేక వర్గం మన చట్టంలో లేదు. పరిశోధనకు షరతులతో మినహాయింపు కూడా ఉంది. కాబట్టి జాగ్రత్త చాలావరకు మన చేతుల్లోనే ఉంటుంది.

ఇలాంటి పని చేయాలనుకునే వాళ్ల కోసం రెండు మాటలు. యూరప్‌లో పీహెచ్‌డీ చేయించే మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్క్‌ల ప్రకటనలు యూరాక్సెస్ అనే పరిశోధన ఉద్యోగాల పోర్టల్‌లో వస్తాయి. వయసు పరిమితి లేదు, ఉద్యోగంగా తీసుకుని జీతమిస్తారు. గడిచిన 36 నెలల్లో మీరు చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు, పీహెచ్‌డీ అయి ఉండకూడదు. ఇక్కడైతే జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీ చేసే వీలున్న వరంగల్ ఎన్ఐటీ మా ఇంటికి ఆటోలో పావుగంట దూరం. ఇద్దరు పిల్లల తల్లిని, నాకు అది చిన్న విషయం కాదు. ఫిజియోథెరపీ చదివిన చెల్లెళ్లూ, మీకు కోడింగ్ రాదని ఆగిపోకండి. అడుగు ఎందుకు ఆగి పడుతుందో మీకు తెలిసినంత మాకు తెలియదు.

మొన్న కొత్త సమ్మతి పత్రం రాసుకుని ఆ వదిన ఇంటికి వెళ్లాను. పాత దాంట్లో "మీ ముఖం కనిపించదు, మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు" అని ఉండేది. ఆ వాక్యం కొట్టేసి, "మీ నడక చూసి మీవాళ్లు గుర్తుపట్టవచ్చు, ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం" అని రాశాను. చదివి వినిపించాను. రెండోసారి చదవమంది.

"గిప్పుడు జెప్పినవు బిడ్డా" అంది. సంతకం మాత్రం పెట్టలేదు. నాట్లు అయినంక రమ్మంది.