అమ్మమ్మ ముక్కుపుడక

మా అమ్మాయి పుట్టిన రోజునే మా అమ్మ ఫోనులో చూసి "ముక్కు నాదే" అని ఖాయం చేసింది. తొమ్మిదేళ్ళుగా ఆ మాట వింటూ పెరిగిన పిల్ల కనుక, ఫిలడెల్ఫియాలో పాతకాలపు సిల్హౌట్లను చూసినప్పుడు, ఈ ముక్కులు ఎవరెవరి మనవరాళ్ళకు వచ్చాయని అడిగింది.

అవి అరచేయంత కాగితాలు. పక్కకు తిరిగిన తల ఆకారాన్ని మధ్యలోంచి కత్తిరించి తీసేసి, ఆ ఖాళీ వెనుక నల్ల కాగితం పెడతారు. ఫొటోకు మనం ఛాయాచిత్రమని పేరు పెట్టుకున్నాం గానీ, ఆ మాట వీటికే ఎక్కువ నప్పుతుందనిపించింది.

కొన్నింటి అడుగున "మ్యూజియం" అనే ముద్ర ఉంది. కత్తిరించినవాళ్ళ పేరు ఏదని అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నను దాటవేయకూడదనుకున్నాను. చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ ఫిలడెల్ఫియాలోని తన మ్యూజియంలో 1802లో పెట్టిన యంత్రం ముఖపు అంచును చిన్నదిగా చేసి మడత కాగితంపై గీసేది. ఆ గీత వెంట కత్తెర నడిపినవాడు మోజెస్ విలియమ్స్, పీల్ ఇంట్లో బానిసగా పెరిగి ఆ ఏడే విముక్తి పొందినవాడు. మొదటి ఏడాదిలోనే 8,000కు పైగా బొమ్మలు కత్తిరించాడు. ఒక్కోదానికి 8 సెంట్లు తీసుకుని, ఆ సంపాదనతో ఇల్లు కొనుక్కున్నాడు. తాను పుట్టిన దేశపు చరిత్రలో ఈ పేరు కూడా నా బిడ్డకు తెలియాలి.

అలాంటి యంత్రాలతోనే ఊరూరా తిరిగినవారూ ఉన్నారు. న్యూ ఆర్లియన్స్, క్యూబా దాకా వెళ్ళిన విలియం బేచ్ దాచుకున్న 1,800కు పైగా ముఖాల ఆల్బమ్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

గత నెల తెనాలి నుంచి మా అమ్మ వచ్చినప్పుడు, అమ్మాయి ఆమెను గోడ పక్కన కూర్చోబెట్టి, టేబుల్ లైటు వేసి, నీడ అంచును పెన్సిలుతో గీసి కత్తిరించింది. ముక్కు వంపు, ముడి, మెడ మీద జారిన రెండు వెంట్రుకలు అన్నీ కుదిరాయి.

మా అమ్మ దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, "పుడక లేకపోతే అది నేనెట్టా అవుతానే?" అంది.

ఆ కాలపు కళాకారులు కత్తెరకు అందని జుట్టు ఉంగరాలను సిరాతో దిద్దేవారు. అమ్మాయి కూడా తెల్ల సిరా పెన్నుతో నల్లని ముక్కు మీద ఒక్క చుక్క పెట్టింది. తరువాత అడుగున "కత్తిరించినది" అని రాసి తన పేరు వేసింది. మరిచిపోయిన త ఒత్తును, అమ్మమ్మ వేలు పెట్టి చూపించాక, దిద్దింది.