మా వాళ్ల చొక్కా

"అది మా వాళ్ల చొక్కా, అమ్మా" అన్నాడు మా వాడు, కంప్యూటర్‌లో బొమ్మ చూపిస్తూ.

2011లో ఇక్కడ నార్వేలో, కొండ మీద లెండ్‌బ్రేన్ అనే చోట మంచు కరిగితే బయటపడ్డ ఉన్ని చొక్కా అది. సుమారు 1700 ఏళ్లనాటిది, రెండు అతుకులు కూడా ఉన్నాయి.

"మా కాదు నాన్నా, మన వాళ్లు అనాలి" అని దిద్దబోయి ఆగాను. మన అంటే అందులో నేనూ ఉండాలి కదా! పోనీ "వాళ్ల" అనమందామా అంటే, వాడు పుట్టింది నార్వేలోనే. మా, మన తేడా తెలియక తొమ్మిదేళ్లుగా తికమకపడే పిల్లవాడు మొదటిసారి సరిగ్గా వాడాడేమో. తప్పయితే దిద్దుతాను, ఒప్పయితే ఏం చేయాలి? అడిగే ధైర్యం లేక "హోంవర్కు అయిందా?" అన్నాను.

ఇంట్లో తెలుగే మాట్లాడండి అని కొత్తగా వచ్చినవాళ్లకు ఉచిత సలహాలిచ్చేది నేనే. బడికి ఆలస్యమైతే మాత్రం నార్వీజియన్‌లో అరుస్తాను. బూట్లు తొందరగా తొడుక్కుంటాడని.

వాడు వదలలేదు. కదిలే హిమానీనదం అన్నిటినీ పిండి చేసేస్తుందట, కదలకుండా పేరుకున్న మంచులోనే ఇవి మిగులుతాయట. కరిగి బయటపడ్డాక ఉన్ని, తోలు త్వరగా పాడైపోతాయి కాబట్టి వేసవి చివర ఆ కొన్ని వారాల్లోనే కొండెక్కి ఏరుకోవాలట. నాకు వెంటనే వాడి తెలుగు గుర్తొచ్చింది. నోరు తెరిచేలోపే "మళ్లీ పాఠమా?" అన్నాడు.

తరువాతి బొమ్మ చిన్న కర్రముక్క. 11వ శతాబ్దానిది. అదేమిటో పురావస్తు శాస్త్రవేత్తలకే అంతుపట్టలేదు. ప్రదర్శనలో పెడితే, చూడవచ్చిన ఒక ముసలావిడ గుర్తుపట్టింది. తల్లి పాలు తాగేయకుండా మేకపిల్లల నోటికి అడ్డంగా కట్టే పుల్ల అది. 1930లలో కూడా అక్కడివాళ్లు కట్టడం ఆవిడ చూసింది.

అమ్మమ్మతో రెండు ముక్కలు మాట్లాడి ఫోను నా చేతిలో పెట్టేసేవాడు, ఆ రోజు తనే ఫోను చేసి బొమ్మ చూపించాడు.

"ఓస్, ఇంతేనా! మన లేగలకు చిక్కం కట్టమూ? ఇదీ అలాంటిదే" అంది అమ్మ.

"చిక్కమంటే?" అని నా వైపు తిరిగాడు.

"తాడుతో అల్లి, లేగ మూతికి..." అని మొదలుపెట్టాను. లేగ అంటే? అల్లడమంటే? రెండు నిమిషాలు తంటాలు పడి, చివరికి మొత్తం నార్వీజియన్‌లోనే చెప్పాను. వాడికి వెంటనే అర్థమైంది.

"ఏమంటున్నావే వాడితో?" అని ఫోనులో అమ్మ అడుగుతోంది.