ఓడిన రాత్రి లిఫ్టులో

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దంతా బట్టలు ఉతకడం, మడత పెట్టడంతోనే సరిపోయింది. సాయంత్రం మ్యాచ్ పెట్టుకుని కూర్చున్నా. మనవాళ్ళు ఓడిపోయారు. చెత్త పడేద్దామని బయల్దేరితే లిఫ్టులో నలుగురం. ఒకే బిల్డింగులో ఉంటూ ఏనాడూ పలకరించుకున్న పాపాన పోనివాళ్ళం. "ఆ క్యాచ్ పట్టుంటేనా..." అన్నాడొకాయన. అంతే, కిందికి దిగాక కూడా చాలాసేపు కదల్లేదు ఎవరమూ. గెలిచిన రోజుల్లో ఎవరింట్లో వాళ్ళం కేకలు పెట్టుకున్నాం తప్ప ఇలా ఒకచోట చేరింది లేదు.

రెనాన్ అనే ఫ్రెంచి పండితుడు 1882లో పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ ఈ సంగతే చెప్పాడు. జాతిని కలిపి ఉంచడంలో విజయాల కన్నా దుఃఖాలకే బలం ఎక్కువట. ప్రష్యా అనే జర్మన్ రాజ్యం చేతిలో ఓడి, అల్సాస్ ప్రాంతం పోగొట్టుకుని అప్పటికి ఫ్రాన్స్‌కి పదకొండేళ్ళే. అనుభవం మీద అన్న మాటే.

అయితే మాలో కుర్రాడొకడు "వచ్చేసారి వాళ్ళ పని పడతాం" అన్నాడు. ఆటలో దానికేం గానీ, నాకు ఆగ్నేయ యూరప్‌లోని కొసావో గుర్తొచ్చింది. 1389లో అక్కడి యుద్ధంలో సెర్బుల పాలకుడు లాజర్ చనిపోయాడు. (అవతలి పక్షం, అంటే ఒట్టోమన్ తుర్కుల సుల్తాన్ మురాద్ కూడా ఆ రోజే పోయాడు.) ఆరువందల ఏళ్ళు నిండాయని లాజర్ అస్థికల్ని ఊరూరా తిప్పారు. 1989 జూన్ 28న ఆ మైదానంలోనే సెర్బియా నాయకుడు మిలోషెవిచ్ లక్షల జనం ముందు నిలబడి, మళ్ళీ ఆయుధాలు పట్టే రోజు రాదని చెప్పలేం అన్నాడు. ఆ తర్వాతి పదేళ్ళలో, సెర్బియా కూడా భాగమైన యుగోస్లావియా నెత్తురోడింది. ఆ జనంలో ఎవరూ చూడని చావుకి అంత ఏడుపు ఎలా వచ్చింది? పాటల్లో, పండగల్లో తరతరాలుగా నేర్పితే వచ్చింది. అందులో అవతలివాళ్ళకి హంతకుల వేషం తప్ప మరోటి ఇవ్వలేదు.

టర్కీ తీరంలోని గల్లిపోలి కూడా ఓటమే. 1915 ఏప్రిల్ 25న అక్కడ దిగిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు వేలల్లో చచ్చి, చివరికి వెనుదిరిగారు. ఆ రెండు దేశాలూ ఏటా ఆ తేదీన తెల్లవారుజామునే లేచి వాళ్ళని తలుచుకుంటాయి. టర్కీకి అదే పోరాటం గర్వకారణం. అయినా 1985లో టర్కీ ఆ తీరానికి శత్రుసేన పేరే (ఆ రెండు దేశాల సేనని అంజాక్ అనేవారు) పెట్టి అంజాక్ కోవ్ చేసింది. అదే ఏడు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో, గల్లిపోలిలో తుర్కుల తరఫున పోరాడి తర్వాత టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన అతాతుర్క్ స్మారకం వెలిసింది. ఒకరి సంతాపంలో రెండోవాళ్ళ శవాలకీ చోటు దొరికింది.

ఇది చూసి మురిసిపోవాలనే ఉంది గానీ, ఆస్ట్రేలియాకీ టర్కీకీ మధ్య గట్టు తగాదా ఏముంది? ఒకరి నేల మీద ఇంకొకరికి దావా లేదు. కొసావోలో సెర్బులూ, అక్కడ ఎక్కువమంది అయిన అల్బేనియన్లూ ఇప్పటికీ ఇరుగుపొరుగున బతకాలి, ఆ మైదానం ఎవరిదో తేల్చుకోకుండానే.