31వ బిట్ దగ్గర

స్టుట్‌గార్ట్‌లో మా టీమ్ పని కార్ల లోపలి కంట్రోలర్లకు (చిన్న కంప్యూటర్లకు) సీ భాషలో కోడ్ రాయడం, పక్కవాళ్లు రాసింది రివ్యూ చేయడం. టెస్టులు పాసయ్యాయంటే ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు. ఈ లైను ఎందుకు పనిచేస్తోందో చెప్పమంటారు. కొత్తలో టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు అదే ప్రశ్న నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే మా అక్క కొడుకును అడుగుతున్నాను. వాడు రేణిగుంట వైపు ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఈమధ్యే చేరాడు. ఎండాకాలంలో నాకు సాయంత్రం ఆరైతే వాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర. వాడు భోంచేసి ఫోన్ చేస్తాడు.

మొన్న వాడడిగింది ఇదీ. "మామా, 64 బిట్ల విలువలో 30వ బిట్ తీసేస్తే అదొక్కటే పోతా ఉండాది. 31వ బిట్ తీసేస్తే పైనుండే 32 బిట్లూ సున్నా అయిపోతా ఉండాయి. రెండు లైన్లూ ఒకటే కదా?"

ఒకటి కాదు. బిట్ అంటే ఒక 0 లేదా 1, వాటిని కుడి నుంచి, సున్నాతో మొదలుపెట్టి లెక్కిస్తాం. ఒక బిట్ తీసేయాలంటే అదొక్కటే 1గా ఉన్న సంఖ్యను తిప్పి (0లను 1లుగా, 1లను 0లుగా మార్చి) విలువతో AND చేస్తాం. ఆ తిప్పిన సంఖ్యే మాస్క్. 30వ బిట్‌కు ఆ సంఖ్య హెక్స్‌లో (16 ఆధారంగా రాసే పద్ధతిలో) 40000000. అది మామూలు 32 బిట్ల ఇంట్‌లో (నెగటివ్ కూడా పట్టే పూర్ణసంఖ్య టైపులో) పడుతుంది కాబట్టి దాని టైపు ఇంట్. టిల్డా (~) పెట్టి తిప్పితే నెగటివ్ సంఖ్య వస్తుంది. దాన్ని 64 బిట్లకు పెంచేటప్పుడు పైభాగమంతా 1లతో నిండుతుంది. మాస్క్ మనం అనుకున్నట్టే ఉంటుంది. 31వ బిట్‌కు రాసే హెక్స్ 80000000 మాత్రం ఇంట్‌లో పట్టదు, అది అన్‌సైన్డ్ ఇంట్ (నెగటివ్ లేని టైపు) అవుతుంది. తిప్పాక దాన్ని పెంచితే పైన నిండేవి సున్నాలు. ఇంకో వింత: అదే సంఖ్యను దశాంశంలో 2147483648 అని రాస్తే సరిగ్గా పనిచేస్తుంది. ఎందుకంటే సఫిక్స్ (చివర తగిలించే అక్షరం) లేని దశాంశ సంఖ్యకు సీ99 (1999 నాటి సీ ప్రమాణం) నుంచి అన్‌సైన్డ్ టైపు ఇవ్వరు, నెగటివ్ కూడా పట్టే 64 బిట్ల సైన్డ్ టైపు ఇస్తారు. విలువ ఒకటే, రాసిన తీరును బట్టి ఫలితం మారింది!

మా కాలంలో కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ అనే కంపైలర్ (కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) ఉండేది. అందులో ఇంట్ 16 బిట్లే, కాబట్టి ఇదే గొయ్యి అప్పుడు 15వ బిట్ దగ్గర ఉండేది. అవుట్‌పుట్ రాసుకుని రికార్డులో సంతకం చేయించుకున్నాం తప్ప, ఏ టైపు ఎప్పుడు ఏమవుతుందో మాకెవరూ చెప్పలేదు. ఆ లోటు ఇప్పటి పిల్లలకు ఉండకూడదని నాకు గట్టిగా ఉంది.

పైగా వాళ్లకు ఇంకో సలహా ఇస్తున్నారు: మాస్కులన్నిటికీ చివర 'యూ' (అన్‌సైన్డ్ అని చెప్పే U) తగిలించమని. మంచి సలహానే, కానీ సగమే. 64 బిట్ల అడ్రస్‌ను మెమరీ పేజీ (4096 బైట్ల ముక్క) మొదటికి దించడానికి ~4095 అని రాస్తే సరిపోతుంది. యూ తగిలిస్తే పై 32 బిట్లు పోతాయి. అడ్రస్ 4 జీబీ లోపు ఉన్నంతసేపూ తేడా కనపడదు. చిన్న బోర్డు మీద టెస్టులన్నీ పాసవుతాయి, మెమరీ ఎక్కువున్న బోర్డు మీద ప్రోగ్రామ్ ఆగుతుంది. మాకు వచ్చిన ఒక కోడ్‌లో సరిగ్గా ఇదే ఉంది. దాన్ని పట్టింది టెస్టు కాదు, ఎందుకు పనిచేస్తోందో చెప్పమన్న మనిషి.

"కంపైలర్ చెప్పదా మామా?" అన్నాడు. చాలా కంపైలర్లు చెప్పవు. అన్‌సైన్డ్ సంఖ్యను పెద్ద టైపులోకి మారిస్తే విలువ మారదు కదా, అందుకే కంపైలర్ లెక్కలో అక్కడ తప్పేమీ లేదు. మనకు కావలసింది విలువ కాదు, బిట్ల వరుస. ఆ సంగతి అది ఊహిస్తే తప్ప తెలియదు.

తిప్పకముందే 64 బిట్లు చేయాలి. తిప్పాక క్యాస్ట్ (టైపు మార్పు) చేస్తే లాభం లేదు, అప్పటికే సున్నాలు ఖాయమైపోయాయి. 4095కు యూఎల్ఎల్ (కనీసం 64 బిట్ల అన్‌సైన్డ్ అని చెప్పే ULL) తగిలించు, లేదా క్యాస్ట్‌ను టిల్డాకు లోపల పెట్టు అన్నాను. 1ని 40 స్థానాలు జరపాలన్నా అంతే, ముందు ఆ 1 వెడల్పుగా ఉండాలి. 32 బిట్ల 1ని అంతదూరం జరిపితే ఏమవుతుందో సీ ప్రమాణం అసలు హామీ ఇవ్వదు.

ఆ రాత్రే వాడు తన ఫైళ్లలో టిల్డా ఉన్న లైన్లన్నీ ఏరి పంపాడు. వాటిలో 64 బిట్ల మీద పనిచేసేవి ముందు విడదీసి, ఒక్కో మాస్క్ పక్కన దాని టైపు రాయమన్నాను.