నీళ్లు మే నెలలో, ఎండ డిసెంబర్‌లో

మా చెల్లి కొత్తగా ఇల్లు కట్టుకుంది, వెనక కొంచెం జాగా మిగిలింది. "అక్కా, ఎంత మేర కూరగాయలు వేసుకోమంటావ్?" అని మొన్న ఫోన్ చేసింది. ఫోన్లో తేలే సంగతి కాదు, పైగా ఈ విషయంలో నేను చేసినంత తెలివితక్కువ పని ఇంకెవరూ చేసి ఉండరు కాబట్టి కాస్త వివరంగా ఇక్కడే రాస్తున్నా.

మాది ఖమ్మం. దక్షిణం ముఖం ఇల్లు, అంటే పెరడు ఉత్తరం వైపు వస్తుంది. 24 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు. మొదటి ఏడాది నేను చేసిందేంటంటే, కాగితం తీసుకుని లెక్క వేయడం. మనిషి రోజుకు 300 గ్రాముల కూరగాయలు తినాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చాలాకాలం చెప్పుకుంటూ వచ్చారు కదా, అది పట్టుకున్నా. మేం ఐదుగురం, పిల్లలకి కొంచెం తగ్గించినా రోజుకు కేజింబావు. ఏడాదికి నాలుగున్నర క్వింటాళ్లు! ఆ అంకె చూసి కంగారుపడి 360 చదరపు అడుగులూ తవ్వించేశా. బట్టలారేసే దండెం కూడా పీకించా. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని "అంతా ఎందుకమ్మా, చేసేది నువ్వొక్కదానివే కదా" అంది. వింటే కదా నేను.

మృగశిర కార్తె వెళ్లాక వానలు పట్టుకున్నాయి, వేసినవన్నీ మొలిచాయి. ఆ నాలుగు నెలలూ నన్ను మించిన రైతు లేడనుకున్నా. నీళ్లు పోసింది వాన, నాకు మిగిలింది తుంగ పీకడం, ఫొటోలు తీయడం.

ఎండాకాలం వచ్చాక తెలిసింది. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు ఎండకి చదరపు అడుగు నేలకి రోజుకు అర లీటరు పైనే, ఒక్కోరోజు ముప్పావు లీటరు దాకా నీళ్లు కావాలి. 360 అడుగులకి లెక్కేసుకోండి, రెండు వందల లీటర్ల పైమాటే, అంటే పదిహేను లీటర్ల బకెట్లతో పదిహేను బకెట్లు, రోజూ, ఆదివారం కూడా. బోరు బాగున్నన్నాళ్లు పైపు పెట్టి కూర్చున్నా. మే వచ్చేసరికి బోరు పది నిమిషాలు పోసి గాలి ఊదడం మొదలెట్టింది, ఇక గిన్నెలు తోమడానికా మొక్కలకా అని ఇంట్లో రోజూ పంచాయితీ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నా టమాటా మొక్కలెంత? ఆ మధ్యలో పెళ్లికి వెళ్లి నాలుగు రోజుల తర్వాత తిరిగొస్తే పెరడంతా పొయ్యిలో పెట్టడానికి సిద్ధంగా ఉంది. మా ఆయన ఏమీ అనలేదు, దండెం మళ్లీ కట్టడానికి తాడు తెచ్చాడు.

అందుకే జాగా ఎంతుందని, ఎంత తింటామని చూసుకుని తోట కొలత పెట్టుకోకూడదు అంటాను. మే నెలలో, బోరు నీరసించిన రోజున, వంటింటికి పోను ఎన్ని బకెట్లు మిగులుతాయి, అవి ఎవరు మోస్తారు? దాన్నిబట్టి గీత గీసుకోండి. నా వరకు నాలుగు బకెట్లు. అంటే తొంభై అడుగుల చిల్లర.

నీళ్ల సంగతి ఇలా ఉంటే ఎండ సంగతి సరిగ్గా తలకిందులు. మేలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి పెరడు మొత్తం ఎండే కనిపిస్తుంది, అప్పుడు కొలిస్తే మోసపోతాం. డిసెంబర్‌లో దక్షిణానికి వాలిపోతాడు. మా ఇల్లు పిట్టగోడతో కలిపి 13 అడుగుల ఎత్తు, మిట్టమధ్యాహ్నం కూడా నీడ ఉత్తరానికి 11 అడుగులు పడుతుంది. చిక్కుడు, టమాటా, పాలకూర బాగా వచ్చే కాలం కూడా అదే! చివరికి మాకు నికరంగా ఎండ తగిలేది వెనక ప్రహరీ పక్కన 4 అడుగుల పట్టీ. 24 పొడవు, 4 వెడల్పు, 96 అడుగులు. నాలుగు బకెట్లకి సరిపోయింది చూడండి, ఎవరో కొలిచి ఇచ్చినట్టు.

ఇక ఏ మొక్క ఎన్ని అన్నది. మొదటి ఏడాది నేను అన్నీ ఆరు మొక్కల చొప్పున పెట్టా, ఎవరికీ అన్యాయం చేయకూడదన్నట్టు. ఆరు బెండ మొక్కలు రోజుకు మూడో నాలుగో కాయలిస్తాయి. ఫ్రిజ్‌లో పోగేస్తూ పోతే కూరకి సరిపడా అయ్యేసరికి మొదటివి వడిలిపోతాయి, పోనీ చెట్టునే ఉంచుదామంటే రెండు రోజుల్లో ముదిరి, కొస విరిస్తే టక్కుమనాల్సింది పోయి నార పట్టుకుని వేలాడుతుంది. ఐదుగురికి ఒక పూట వేపుడు కావాలంటే ఇరవై మొక్కలుండాలి, లేదంటే బెండ వేయొద్దు. సొర దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆరు పాదులు పెట్టా మహాతల్లిని! సెప్టెంబర్‌లో నేను సంచి పట్టుకుని గేటు తీస్తే వీధిలో వాళ్లు తలుపులేసుకునే స్థితి వచ్చింది. సొర ఒకటి, దొండ ఒకటి, బీర రెండు చాలు, అవి కూడా ప్రహరీ మీదకి పాకించేస్తే నేల తినవు. పచ్చిమిర్చి నాలుగు, టమాటా ఎనిమిది. ఆకుకూర మడి అంతా ఒకేసారి చల్లకుండా పదిహేను రోజులకో రెండడుగులు చల్లుకుంటే పప్పులోకి ఎప్పుడూ లేతగా దొరుకుతుంది. కాలీఫ్లవర్ జోలికి పోను, మూడు నెలలు అడుగున్నర జాగా ఆక్రమించి ఒక్క పువ్వు ఇచ్చి వెళ్లిపోతుంది. ఉల్లి, బంగాళాదుంప బజారులో కొనుక్కోండి తల్లీ.

ఎండాకాలంలో ఆ 96 అడుగుల్లోనూ సగం ఖాళీగా వదిలేసి ఎండుటాకులు పరిచేస్తా. మిగతా సగంలో తోటకూర, బచ్చలి, గోంగూర, మిర్చి.

మిద్దె మీద వేసేవాళ్లకి నీళ్లకన్నా ముందు బరువు. నాలుగడుగుల పొడవూ వెడల్పూ, అడుగు లోతు మడి కట్టి మామూలు మట్టి నింపి తడిపితే దాదాపు 750 కిలోలవుతుంది. మనుషులు తిరిగే స్లాబుకి ఇంజనీర్లు మామూలుగా వేసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు, ఆ మడి పరుచుకునేది చదరపు మీటరున్నర. కాబట్టి కొబ్బరిపొట్టు కలిపిన తేలిక మట్టితో బ్యాగులు, అవి కూడా దూలాల మీదుగా, ఇంజనీర్‌కి చూపించాకే.

చెల్లిని నీ వెనక జాగా ఏ దిక్కు అని అడిగితే "ఏమో అక్కా, పొద్దున ఎండొస్తుంది" అంది. సంక్రాంతి సెలవుల్లో ఎలాగూ వెళ్తా. మధ్యాహ్నం నీడ ఎందాకా వస్తే అందాకా ముగ్గుతో గీత గీసి వస్తా. అప్పటిదాకా గోడ పక్కన రెండడుగులు తవ్వి గుప్పెడు గోంగూర గింజలు చల్లుకోమన్నా.