చర్చి భవనానికి వరద ప్రణాళిక: నా అనుభవం

కమిటీ మా నలుగురికి ఈ పని అప్పగించాక మేం మొట్టమొదట తేల్చుకున్నది ఒక్కటే. నీళ్లు మందిరంలోకి వస్తే ఎంత ఎత్తుకు వస్తాయి? "బాగా వస్తాయి" అనే మాట మీద ప్రణాళిక రాయలేం. 10 సెం.మీ. నీళ్లకు చేసే పని వేరు, మీటరున్నర నీళ్లకు చేసే పని వేరు. చుట్టుపక్కల పాత గోడల మీద, వంతెన స్తంభాల మీద వెనకటి వరద గుర్తులు వెతికి, పెద్దవాళ్లు చెప్పిన వాటితో సరిచూసుకుని, మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే లెవల్ ట్యూబుతో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) ఆ ఎత్తును చర్చి గోడ మీదికి తెచ్చాం. ట్యూబులో ఒక్క గాలి బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. అందుకే నీళ్లు నింపాక రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, మట్టం సమానంగా ఉందని చూసుకున్నాకే కొలవాలి. దొరికిన ఎత్తుకు ఇంకో 30 సెం.మీ. కలిపి లోపలా బయటా ఎర్ర గీత గీయించాం. ఆ తర్వాత వాదనలు చాలావరకు తగ్గాయి. గీతకు కింద ఏముందో అదే పని.

నీళ్లు గుమ్మంలోంచే వస్తాయని అందరూ అనుకుంటారు. చాలాసార్లు ముందుగా వచ్చేది డ్రైనేజీ గుండా. వీధి కాలువ నిండగానే మరుగుదొడ్డి, నేల జాలీ, వంటగది సింకు ఎదురు కక్కుతాయి, అదీ మురుగు నీళ్లు. దీనికి మందు బయటి చాంబరులో నాన్-రిటర్న్ వాల్వ్, అంటే నీళ్లను బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వని రెక్క. దాని రెక్కకు గుడ్డపేలిక, చిన్న రాయి ఏది అడ్డం పడ్డా పూర్తిగా మూసుకోదు కాబట్టి వానలకు ముందే మూత తీసి కడగాలి. వాల్వ్ మూసుకున్నంతసేపు లోపలి నీళ్లకు కూడా దారి ఉండదు. అప్పుడు ఎవరైనా ఫ్లష్ నొక్కితే ఆ మురుగు మన నేల మీదికే వస్తుంది. కనుక మరుగుదొడ్ల తలుపులకు తాళం వేయడం కూడా ఒక పనిగా రాశాం. నేలలో కట్టిన బాప్తిస్మ తొట్టి సంగతి చాలామందికి తట్టదు. వరదప్పుడు భూగర్భ నీరు పైకొచ్చి ఖాళీ తొట్టిని కింది నుంచి ఎత్తుతుంది, అడుగు పగులుతుంది. హెచ్చరిక రాగానే దాన్ని మంచినీళ్లతో నింపి, అడుగు తూము బిగించాలి.

తర్వాతి ప్రశ్న, నీళ్లను బయటే ఆపాలా, రానివ్వాలా? కమిటీలో అందరూ ఆపాలనే అంటారు. లెక్క చూడండి. గోడ బయట 60 సెం.మీ. నీళ్లు నిలిస్తే ప్రతి మీటరు పొడవు గోడ మీద సుమారు 180 కిలోల తోపుడు పడుతుంది. 90 సెం.మీ.కు అది 400 కిలోలు దాటుతుంది. మీటరు లోతుకు 500. లోతు రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. ఇటుక గోడ పైనుంచి వచ్చే బరువును మోస్తుంది గానీ పక్కనుంచి వచ్చే తోపుడుకు బలహీనం. పైగా చర్చి గోడలు పొడవు, ఎత్తు, మధ్యలో అడ్డగోడలు ఉండవు. సుమారు 60 సెం.మీ. వరకే ఆపాలని, అంతకు మించితే తలుపులు తెరిచి లోపలా బయటా మట్టం సమానం కానివ్వాలని రాసుకున్నాం. మీ గోడకు ఆ హద్దు ఎంతో ఇంజనీరు చూసి చెప్పాల్సిందే.

ఇసుక బస్తాల మీద అతినమ్మకం వద్దు. సంచిని సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే నింపి, మూతి బిగించి కట్టకుండా కిందికి మడవాలి. నిండా కుక్కితే బస్తా గుండ్రంగా ఉండి, పక్కదానితో అతుక్కోక మధ్యలో సందులు మిగులుతాయి. ఇటుకల వరసలా కీళ్లు తప్పించి పేర్చి, ప్రతి వరసనూ తొక్కి అణచాలి, నీటి వైపు మందపాటి ప్లాస్టిక్ షీటు పరచాలి. ఇంత చేసినా ఊట వస్తుంది. లోపల తోడే పంపు లేకపోతే బస్తాల శ్రమ చాలావరకు వృథా. గుమ్మానికి ముందే గాడి బిగించి, రబ్బరు అంచున్న పలకను దించే ఏర్పాటు నా దృష్టిలో మేలు. ఇద్దరు మనుషులు నిమిషాల్లో పెట్టేయగలరు.

కరెంటు విషయంలో ఒకటే నియమం. నేల పొడిగా ఉండగానే మెయిన్ ఆపాలి. తడిలో నిలబడి బోర్డు ముట్టకూడదు, ఆలస్యమైతే వదిలేసి విద్యుత్ సిబ్బందికి చెప్పాలి. మెయిన్ ఆపినంత మాత్రాన అన్నీ ఆగిపోవు. ఇన్వర్టరు బ్యాటరీ, సౌండ్ గదిలోని యూపీఎస్, పగటిపూట కప్పు మీది సోలార్ తీగలు బతికే ఉంటాయి. వాటి స్విచ్‌లు ఎక్కడున్నాయో తలుపు వెనక కాగితం అంటించాం. వేదిక నేలలో మైకుల కోసం పెట్టిన సాకెట్ పెట్టెలు భవనంలో అన్నిటికన్నా తక్కువ ఎత్తులో ఉంటాయి. వాటిని వేరే ఎంసీబీ (బోర్డులోని రక్షణ స్విచ్) మీదికి మార్పించి, మిగతా సాకెట్లను గీత పైకి ఎత్తించడం శాశ్వత పరిష్కారం. వంటగది గ్యాస్ సిలిండర్ నీళ్లలో తేలుతుంది. రెగ్యులేటర్ తీసి, సేఫ్టీ మూత పెట్టి, గొలుసుతో గోడకు కట్టాలి.

సామాను తరలింపులో మొదటి స్థానం రిజిస్టర్లది. బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు పోతే మళ్లీ కొనలేం. మిక్సరు, ఆంప్లిఫయర్లు ఎంత ఖరీదైనా వాటి తర్వాతే. పెద్ద వస్తువులకు దారి ముందే ఉండాలి. 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లారెన్స్‌లో వరద వచ్చినప్పుడు సాంతా క్రోచె చర్చి మ్యూజియంలో ఉన్న, చిమాబూయె అనే పాతకాలపు చిత్రకారుడు వేసిన సిలువ చిత్రం నీట మునిగి, రంగులో చాలా భాగం రాలిపోయింది. అంత పెద్ద చిత్రాన్ని అప్పటికప్పుడు మోసి తప్పించడం సాధ్యమయ్యే పని కాదు. మన దగ్గర ఆ సమస్య పియానో. నిలువు పియానో సుమారు 200 కిలోలు ఉంటుంది, ఆ హడావుడిలో మెట్లు ఎక్కించలేం. వేదిక గీత కన్నా ఎత్తుగా ఉంటే అది ఎప్పుడూ అక్కడే ఉండాలి. లేదంటే దాన్ని వదిలేస్తామని ముందే ఒప్పుకోవాలి. ఆ గంటలో దాని చుట్టూ ఆరుగురు నిలబడి తర్జనభర్జన పడితే మిగతావన్నీ మునుగుతాయి. చెక్క బెంచీలు తేలి తలుపులకు అడ్డం పడతాయి. తర్వాత తలుపు తెరుచుకోదు. కాళ్ల సందుల్లోంచి తాడు దూర్చి, నాలుగైదు కలిపి స్తంభానికి కట్టాలి.

ప్రతి వస్తువుకూ ఒక కార్డు రాశాం. ఎక్కడుంది, ఎక్కడికి పోవాలి, ఎంతమంది కావాలి, తాళం ఎవరి దగ్గర. "వాలంటీర్లు" అనే మాట ఎక్కడా రాయలేదు, పేర్లే రాశాం, ప్రతి పేరుకూ బదులు మనిషితో సహా. ఎప్పుడు మొదలుపెట్టాలో వెనక నుంచి లెక్కేయాలి. ఎనిమిది మందితో రెండు గంటలు పట్టే పనికి రాత్రి వేళ సగం మందే వస్తారనుకుంటే నాలుగు గంటలు. చీకటికీ వానకీ మరో రెండు కలిపితే ఆరు. కాబట్టి మందిరంలోకి నీళ్లు వచ్చేందుకు ఆరు గంటల ముందు నది గేజి (నీటిమట్టం కొలిచే కొలబద్ద) ఎంత చూపిస్తుందో, ఆ అంకే మన గంట మోగే అంకె. వాగు పక్కనున్న చర్చికి ఆరు గంటలు దొరకవు. అక్కడ మోసుకెళ్లే ఆలోచన మాని, విలువైనవన్నీ ఎప్పుడూ గీత పైనే ఉంచుకోవడం మంచిది.

ఆరాధన జరుగుతుండగా హెచ్చరిక వస్తే? పాస్టరు గారు, సెక్రటరీ, ట్రెజరర్, ఈ ముగ్గురిలో ఏ ఒక్కరైనా ఇంకొకరిని అడగకుండా ఆపేయొచ్చని తీర్మానం చేయించాం. సమావేశం పెట్టి నిర్ణయించేంత సమయం ఉండదు. వేగంగా పారే నీళ్లు 15 సెం.మీ. లోతున్నా మనిషిని పడేస్తాయి. 60 సెం.మీ. ఉంటే చాలావరకు వాహనాలు కొట్టుకుపోతాయి. అందుకే బయటికి పోయే దారిగా దగ్గరిది కాక, మెరక మీద పోయేది రాశాం. సండే స్కూల్ పిల్లల్ని తల్లిదండ్రులు వెతుక్కుంటూ ఎదురెళ్తే మెట్ల మీద తొక్కిసలాట అవుతుంది. పిల్లల్ని టీచర్లే ఒక చోటికి తెచ్చి, రిజిస్టరు చూసి అప్పగించాలి. బయటికి దారిలేని అటకెక్కకూడదు. చర్చిని ఆశ్రయ కేంద్రంగా ఇస్తామనే ముందు దాని నేల గీత పైన ఉందో లేదో చూడండి. ఉంటే, విపత్తు సహాయానికి వాడే అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు, రోజుకు 15 లీటర్ల నీళ్లు లెక్కేసి ఎంతమందికి సరిపోతుందో ఆ అంకె రాసి పెట్టుకోవాలి.

వరద తగ్గాక తొందర పడితే నష్టం. ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ వేయకూడదు. నేలమాళిగలో నీళ్లు నిలిస్తే ఒక్కసారిగా తోడొద్దు. బయటి మట్టి ఇంకా తడిగా ఉండి గోడల్ని లోపలికి నెడుతుంది. ఒక అడుగు తోడి, గుర్తు పెట్టి, రాత్రంతా ఆగి, మట్టం మళ్లీ పెరిగితే ఇంకా సమయం కాలేదని అర్థం. పంపుకో జనరేటరుకో ఇంజిన్ ఉంటే దాన్ని తలుపులకు, కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో, బయటే నడపాలి. బురదను తడిగా ఉండగానే పారతో తీసేయాలి, ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. ముందు కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ వాడాలి. దాన్ని టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. ఏదీ పారేయకముందే ఫొటోలు తీసి, గోడ మీద నీటి గీతకు తేదీ రాసి, తివాచీలోంచి ఒక ముక్క బీమా వాళ్ల కోసం దాచాలి.

రిజిస్టర్లు తడిస్తే ఎండలో పెట్టకూడదు, పేజీలు విడదీయకూడదు. 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఆలోపు ఒక్కోదాన్నీ పాలిథిన్‌లో వదులుగా చుట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో పెడితే పాడవడం ఆగుతుంది. తర్వాత నిపుణులు నిదానంగా ఆరబెట్టుకోవచ్చు.

గోడలు ఆరడానికి 25 మి.మీ. మందానికి సుమారు నెల అని ఒక మోటు లెక్క. మందపాటి రాతి గోడలకు ఏడాది పైనే పట్టొచ్చు. త్వరగా ఆరాలని హీటర్లు పెడితే పూతలో ఉప్పు పేరుకుని పొరలు లేస్తాయి. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడమే సరైన పద్ధతి. నేల ఆరిందో లేదో తేల్చడానికి అర మీటరు చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచాలి. అడుగున చెమ్మ కనిపిస్తే తివాచీ పరచకుండా, ఇంకో రెండు వారాలాగి మళ్లీ అతికించి చూడాలి.